బోర్డు మీద అక్షరం

మా రోజుల్లో కొట్టు పెట్టేవాడు బోర్డు ఆర్టిస్టు దగ్గరికొచ్చి పేరు చెప్పి వెళ్లిపోతే కుదిరేది కాదు. "ఏం వ్యాపారం శెట్టిగారూ? బోర్డు ఎంత ఎత్తులో పెడతారు? రోడ్డుకి అవతల నుంచి కనబడాలా?" అని ముందు మేమే అడిగేవాళ్లం. బంగారం కొట్టుకి సన్నంగా, సొంపుగా. ఎరువుల కొట్టుకి, ఇనుము కొట్టుకి దిట్టంగా. ఇప్పుడు ఫ్లెక్సీ షాపులో కుర్రాడు కంప్యూటర్లో ఫాంట్ల జాబితా కిందికి జరుపుకుంటూ పోతాడు. యజమాని "ఆఁ, అది బావుంది, ఆపు" అంటాడు. అంతే, ఎంపిక అయిపోయింది!

బాపు గారి రాతనే తీసుకోండి. పుస్తకాల అట్టల కోసం, సినిమా పేర్ల కోసం ఆయన చేత్తో రాసిన అక్షరాలవి. ఆ వంపుల్లో చనువుంది, నవ్వుంది. శుభలేఖకి, పచ్చళ్ల సీసాకి, పిండివంటల కొట్టుకి అంతకన్నా నప్పేది లేదు. అది ఫాంటుగా చేతికందాక గుండె ఆపరేషన్ల ఆసుపత్రికీ అదే, చిట్టీల కంపెనీకీ అదే. ఛాతీ పట్టుకుని వచ్చినవాడికి, కష్టార్జితం దాచుకుందామని వచ్చినవాడికి ఎదురుగా కనిపించే పేరు నిలకడగా, నిటారుగా ఉండొద్దూ?

సినిమావాళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. 1967లో ‘సాక్షి’తో మొదలుపెట్టిన పోస్టర్ల ఈశ్వర్ గారి కాలంలో, గోడ మీద పేరు చూస్తే చాలు, అది భక్తి కథో, దెబ్బలాటల కథో తెలిసిపోయేది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఒత్తుల గతి. ‘శ్రీ లక్ష్మీ’ అన్న పేరు లేని వీధి మన ఊళ్లలో ఉండదు. అందులో పైన గుడిదీర్ఘం, కింద ఒత్తులు. మేం సుద్దపొడి రాసిన దారం కొట్టి గీతలు వేసుకునేటప్పుడు అక్షరానికి పైనా కిందా రెండు గీతలు వేసి, ఒత్తు కోసం ఇంకో గీతకి చోటు వదిలేవాళ్లం. ఇప్పుడు లోగో ముందు ఇంగ్లీషులో తయారవుతుంది. పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తు. బోర్డు మీద తెలుగు ఉండాలన్న నిబంధన ఉంది కదా అని తెలుగు పేరుని చివర్లో ఆ ఎత్తులోకే కుదించి తోస్తారు. అక్షరం చీమంతవుతుంది, ఒత్తు అంచు కిందికి పోయి తెగిపోతుంది. కొన్నిచోట్ల సాఫ్ట్‌వేర్‌కి తెలుగు కూర్చడం చేతగాక ఒత్తు విడిపోయి, అక్షరాలు పొల్లులతో పక్కపక్కన నిలబడతాయి. అది అలాగే అచ్చయి, లైట్లు బిగించుకుని మెయిన్ రోడ్డు మీదికెక్కుతుంది. ఇంగ్లీషులో ఒక్క స్పెల్లింగు తప్పితే బోర్డు దింపించే యజమాని, తన తల్లి పేరు తెలుగులో విరిగిపోయి ఉంటే చూస్తూ ఊరుకుంటాడు. ఇది నేను సహించలేను.

లావు అక్షరాల మోజు ఇంకొకటి. లావైతే దూరానికి కనబడుతుందనుకుంటారు. మన అక్షరాలు గుండ్రనివి. మరీ లావు చేస్తే లోపలి ఖాళీ మూసుకుపోతుంది. ‘థ’లో చుక్క మాయమవుతుంది, ‘ధ’ కింది గీత కలిసిపోతుంది, ధన్వంతరి కాస్తా దన్వంతరి అవుతాడు. మందుల షాపుకి అది తగునా? దూరానికి కావలసింది లావు కాదు, అక్షరం లోపలా అక్షరానికీ అక్షరానికీ మధ్యా గాలి.

మంచి ఫాంట్లు లేవా అంటే, మా కాలంలో కలలో కూడా లేనన్ని ఉన్నాయి. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చినవే చూడండి. ‘మండలి’ పత్రికల్లో చిన్న అక్షరాల కోసం చేసింది, ‘రామభద్ర’ శీర్షికలకీ పోస్టర్లకీ చేసింది. ఏది దేనికో చేసినవాళ్లు చెప్పే ఇచ్చారు. వాడేవాళ్లే అడగడం లేదు. చిరునామా, ఫోన్ నంబరు సహా అంతా ఒకే బండ అక్షరంలో కొట్టించేస్తున్నారు.

కొత్తగా వ్యాపారం పెట్టే పిల్లలకి ఒక్కటే చెబుతాను. మీ పేరుని రెండు మూడు ఫాంట్లలో కాగితం మీద పెద్దగా అచ్చు తీయించండి. గోడకి అంటించి, రోడ్డు దాటి వెళ్లి చూడండి. మీ వ్యాపారమేమిటో తెలియని పెద్దాయన ఎవరినైనా పిలిచి, "ఇదేం కొట్టనిపిస్తోంది బాబాయ్?" అని అడగండి. ఒత్తులన్నీ వేలు పెట్టి చదివించండి. ఆ తర్వాతే డబ్బు కట్టండి.