ఎనభై దాటని పెళ్లికొడుకు

పెళ్లివారు చెన్నై నుంచి కారులో వచ్చారు. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే విజయవాడ పటమటలో అమ్మాయివాళ్ల ఇల్లు చేరేసరికి ఒంటిగంట అయింది.

"మావాడు ఎనభై దాటడండీ" అన్నాడు పెళ్లికొడుకు తండ్రి చెప్పులు విప్పుతూ. "ఒంగోలు దగ్గర గడ్డి లారీ కూడా మమ్మల్ని దాటుకుని పోయింది." ఆ మాటలో విసుగు లేదు, గర్వమే ఉంది.

అమ్మాయి తల్లి మురిసిపోయింది. "మా పిల్లా అంతే వదినగారూ. స్కూటీ ఎక్కడానికే భయం. ఆఫీసు, హాస్టలు తప్ప చెన్నైలో ఇంకేం చూడలేదు. శని, ఆదివారాల్లో ఫోను చేస్తే ఎత్తదు. పాపం, నిద్రపోతుంటుంది."

పెళ్లికొడుక్కి కాఫీ పొలమారింది.

భోజనాలయ్యాక మాట బండి మీదికి మళ్లింది. చిలకలూరిపేట దాటాక ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ కొట్టుకుందట, మీటర్ల మధ్య పసుపుపచ్చ దీపం మిణుకుమిణుకుమందట. అమ్మాయి మేనమామకి ఆటోనగర్‌లో షెడ్డుంది. ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"టర్బో పెట్రోలు కదూ? మిస్సింగ్ కొడుతోంది. ప్లగ్గులు చూస్తే సరి."

"వద్దులెండి, చెన్నై వెళ్లాక చూపించుకుంటాను" అన్నాడు పెళ్లికొడుకు కంగారుగా.

"మళ్లీ అంత దూరం ఆడవాళ్లతో వెళ్లాలి. నేనుండగా మీకెందుకు బాబూ!"

ఆయన పోర్టికోలో పాత పేపరు పరిచి, కాయిల్స్ ఊడదీసి, ప్లగ్గు పానాతో నాలుగు ప్లగ్గులూ బయటికి తీశాడు. వరసగా పేర్చి, కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్కటే వెలుతురులో తిప్పి చూశాడు. తర్వాత అమ్మాయి తండ్రిని సైగచేసి పిలిచాడు.

"బావగారూ, ఇది బండి జాతకం. మనిషి దాచినా ఇది దాచదు. ఈ నంబరు చూడండి, తొమ్మిది. ఈ ఇంజన్‌కి కంపెనీ వేసేది ఏడు."

"పెద్ద నంబరంటే మంచిదేగా?"

"మంచీ చెడ్డా కాదు, వేడి లెక్క. ఎన్‌జీకేలో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లన. బాష్‌లో సరిగ్గా తిరగేసి ఉంటుంది, నంబరు పెరిగితే వేడి. ఆ తేడా తెలీక కంపెనీ మార్చి అదే నంబరు వేయించుకున్నవాళ్లు మా షెడ్డుకి చాలామందే వస్తారు." ఆయన తెల్లటి పింగాణీ ముక్కుని గోటితో చూపించాడు. "ఈ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి లోపలే నిలుస్తుంది, పొట్టిగా ఉంటే త్వరగా హెడ్డులోకి దిగిపోతుంది. పొట్టిదాన్ని చల్లటి ప్లగ్గంటాం. ఇంజన్ బలం పెంచినవాళ్లు ఒక మెట్టు చల్లటిది వేసుకుంటారు. రెండు మెట్లు దిగారంటే ఇక అది రోడ్డు బండి కాదు."

"ఖరీదు ఎక్కువని వేశారేమో! ఇరిడియం అని రాసుందిగా?"

"ఇరిడియం వేరే సంగతి. దాని కరుగుదల 2,400 డిగ్రీల పైన. అందుకే మధ్య తీగని అంత సన్నగా చేసినా అరగదు, సులువుగా నిప్పురవ్వ పుట్టిస్తుంది, ఎక్కువ కాలం వస్తుంది. చల్లదనానికీ దానికీ సంబంధం లేదు. నికెల్‌లోనూ వేడివి ఉంటాయి, చల్లవీ ఉంటాయి."

"అయితే మీ అనుమానమేంటి?"

మేనమామ గొంతు తగ్గించాడు. "ప్లగ్గు కొస దాదాపు 450 డిగ్రీలు దాటితేగాని దానికి పట్టిన మసి కాలిపోదు. 850 దాటితే స్పార్కు పడకముందే పెట్రోలు అంటుకుంటుంది, పిస్టన్ పోతుంది. ఈ రెంటి మధ్యా ఉండాలి. ఇంత చల్లటి ప్లగ్గు వేసుకుని ఎనభైలో తిప్పుకుంటే ఆ 450 ఎప్పుడొస్తుంది? ఈపాటికి మసి పట్టి కాటుకలా ఉండాలి. మరి రంగు చూడండి. లేత గోధుమ రంగు! ఎంత వేడి కావాలో అంత వేడీ తగిలింది. అంటే ఈ బండిని ఎవరో చావగొట్టి నడుపుతున్నారు. ఒకసారి కాదు, వారం వారం."

అమ్మాయి తండ్రి మొహం మాడిపోయింది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. వేగాన్ని క్షమిస్తాడేమో గాని అబద్ధాన్ని క్షమించడు.

"మరి మిస్సింగ్?"

"గ్యాపు 0.9 మిల్లీమీటర్లకి పోయింది. టర్బో గాలిని కుక్కి పంపిస్తుంది కదా, ఆ ఒత్తిడిలో అంత సందు దాటాలంటే నిప్పురవ్వకి శక్తి చాలదు. 0.8కి తెస్తే సర్దుకుంటుంది. బండి సంగతి నేను సరిచేస్తాను బావగారూ. కుర్రాడి సంగతి మీరు చూసుకోండి."

మాస్టారు చేతిలో ప్లగ్గుతో హాల్లోకి వచ్చాడు. మాటలు ఆగిపోయాయి.

"బాబూ, ఒక్కటే ప్రశ్న. మీరు బండి ఎంతలో నడుపుతారు?"

పెళ్లికొడుకు తల దించుకున్నాడు. "ఎనభై దాటనండీ."

"ఇప్పటికీ అదే మాటా?"

"నిజమేనండీ."

మాస్టారు ప్లగ్గుని పళ్లెంలోని లడ్డూల పక్కన పెట్టాడు. "మా బావమరిది ముప్ఫై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్నాడు. ఇది రేసు బండిలో వేసే ప్లగ్గు. వారం వారం రేసుకి పోయే మనిషి పెళ్లిచూపుల్లో ఎనభై దాటనంటున్నాడు. ఇలాంటి అబద్ధాలకోరుకి మా పిల్లనివ్వలేం. ఏమీ అనుకోకండి."

పెళ్లికొడుకు తల్లి చీర కొంగు సర్దుకుని లేచింది. తండ్రి నోరు తెరిచి, కొడుకు మొహం చూసి మూసుకున్నాడు. ఆ అబ్బాయి మాత్రం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. వంటింటి గుమ్మం వైపు ఒక్కసారి చూశాడంతే.

గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి హాల్లోకి వచ్చింది. పళ్లెంలోంచి ప్లగ్గు తీసుకుంది.

"ఆయన అబద్ధమాడలేదు నాన్నా. ఎనభై దాటమని నేను బతిమాలినా దాటరు."

"మరి దాటేదెవరే?" అంది తల్లి.

"నేను. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో."

ఎవరికీ మాట పెగల్లేదు. ఆమె ప్లగ్గు కొసని ఓసారి వెలుతురులో చూసి, గ్రీజు చేతులతో వాకిట్లో నిలబడిపోయిన మేనమామకి అందించింది.

"0.8 చాలదు మావయ్యా, 0.7 పెట్టు. వంచేటప్పుడు పై కొక్కేన్నే వంచు, మధ్య తీగకి గేజ్ తగిలిందంటే విరుగుతుంది. పోయినసారి చెన్నైలో మెకానిక్ అలాగే విరగ్గొట్టాడు. అప్పట్నుంచీ నేనే వేసుకుంటున్నాను."