ఎగుమతి పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలము (ఆటవెలది)

బొమ్మ పెద్దదైన పోదు మెయిలుగుండ
చిన్నదైన దాని చెలువ ముడుగు
నడుమ దారి పట్టి నాణ్యంబు గాచుట
నేతగాని చేతి నేర్పు సుమ్ము

టీక: బొమ్మ = పోర్ట్‌ఫోలియోలోని డిజైన్ పుట; పెద్దదైన = 300 డీపీఐలో వదిలేసినట్లయితే; మెయిలుగుండ = 25 ఎంబీల జీమెయిల్ వాకిలి గుండా; పోదు = పట్టదు; చిన్నదైన = జేపెగ్ మీటను అడుగంటా దించినచో; చెలువము = అక్షరాల అంచు, చీర అంచు రెండూ; ఉడుగు = నశించును; నడుమ దారి = నాణ్యత అంకె 75 నుంచి 85 వరకు; నేతగాడు = సిరిసిల్ల వాసి; సుమ్ము = పాదపూరణార్థం.

తాత్పర్యం: ఏ4 పుట 300 డీపీఐలో ఉంటే అడ్డం 2480, నిలువు 3508 పిక్సెళ్లు. పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున, కుదించని పుట ఒక్కటే దాదాపు 2.6 కోట్ల బైట్లు. మెయిల్ పరిమితి దానితోనే సరి. 150 డీపీఐకి దించితే బరువు నాలుగో వంతుకు వస్తుంది, తెర మీద చూసేవారికి తేడా అంతగా కానరాదు. కాబట్టి ముందు కొలత తగ్గించాలి, తర్వాతే నాణ్యత మీట ముట్టాలి. ఈ వరుస తప్పితే పుట పెద్దదిగానే ఉండి మసకబారుతుంది, రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

విశేషం: చెలువం ఉడగడానికి హేతువు ఇది. జేపెగ్ బొమ్మను 8×8 గడులుగా కోసి, 1974లో నాసిర్ అహ్మద్, టి.నటరాజన్, కె.ఆర్.రావు ప్రకటించిన కొసైన్ పరివర్తనతో గడిలోని సన్నని మార్పులను వేరుచేసి, కంటికి ఆననివాటిని పారేస్తుంది. జగిత్యాల మామిడితోట, పెళ్లికూతురి ముఖం దీనికి లొంగుతాయి. అక్షరాలు లొంగవు. వెలుగు కన్నా రంగును ఎక్కువగా కత్తిరించే అలవాటూ దానికుంది. ఫ్లెక్సీలో పసుపు మీది ఎర్ర అక్షరాలు ముందుగా చెదిరేది అందుకే. అక్షరాలను పీడీఎఫ్‌లో వెక్టరుగానే ఉంచితే ఈ బాధ లేదు, బరువూ స్వల్పం. అను ఫాంట్లతో కూర్చినవాటిని ముందే కర్వ్స్‌గా మార్చడం క్షేమం. ఫాంటు పీడీఎఫ్‌లో ఇమడకపోతే అవతలి కంప్యూటరులో తెలుగు కాస్తా గుర్తుల గుట్టగా దిగుతుంది.

పూర్వపక్షం: నాలుగో పాదంలో నేతగాడెందుకు? అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి సిరిసిల్లకు పేరు తెచ్చిన నల్ల పరంధాములు ఇక్కడ ఉద్దిష్టుడని ఒక పక్షం. అది నిలవదు. ఆ చీర మడత విప్పితే ఒక్క పోగూ పోకుండా మొత్తం చీరే. అది పీఎన్‌జీ మార్గం. జేపెగ్ పారేసింది తిరిగి రాదు. పద్యకర్త మనసులో ఉన్నది జకార్డ్ నేతకు గీసే నమూనా గ్రాఫు. ఆ గ్రాఫులో ఒక్కో గడి ఒక్కో పోగు లేవాలో దిగాలో చెబుతుంది. అంచు డిజైన్‌ను జేపెగ్ చేస్తే రెండు రంగుల మధ్య లేని రంగులు పుట్టి, ఏ పోగు లేవాలో తేలదు. రెండు మూడు రంగులే ఉన్న ఇలాంటి డిజైన్‌కు పీఎన్‌జీయే తేలిక కూడా. పోర్ట్‌ఫోలియో అంతటికీ ఒకే మీట వేయడం అజ్ఞానం: ఫొటోలకు జేపెగ్, నమూనాలకు పీఎన్‌జీ, అక్షరాలకు వెక్టరు.

శేషం: మొదటి పాదంలో మెయిలు ఉపలక్షణం, వాట్సాప్ కూడా గ్రాహ్యం. కోరుట్ల నుంచి దుబాయికి పుటను అందులో ఫొటోగా పంపితే అది తనంతట తాను మరోసారి కుదిస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది.