రాజవొమ్మంగి టెండరు

మాధవరం పేరుకు ముందు 'మిలిటరీ' అని తగిలించకపోతే తాడేపల్లిగూడెంలో ఆటోవాడు "ఏ మాధవరమండి?" అంటాడు. తగిలిస్తే ఇంకేమీ అడగడు, కాస్త నిటారుగా కూర్చుంటాడు కూడా. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మందిని, రెండోదానికి 1,110 మందిని పంపిన ఊరది. తక్కిన గోదావరి ఊళ్ళలో బారసాల నాడే పిల్లాడు అమెరికా వెళ్తాడా కెనడా వెళ్తాడా అని చర్చ మొదలవుతుంది. ఇక్కడ మాత్రం ఏ రెజిమెంటు అన్నదే చర్చ.

మా బాబాయి వరసయ్యే హవల్దారు గారొకరు అక్కడుంటారు. రిటైరై పాతికేళ్ళు. మొన్న సంక్రాంతికి వెళ్తే అరుగు మీద కూర్చోబెట్టి వంశవృక్షం చెప్పారు. మనం గోత్రంతో మొదలెడతాం. ఆయన తూటాతో మొదలెట్టారు.

"మా నాన్నది త్రీనాట్ త్రీ. నాది ఎస్సెల్లారు, సెవెన్ సిక్స్ టూ. మా పెద్దోడిది ఇన్సాసు, ఫైవ్ ఫైవ్ సిక్స్. మనవడు వెళ్తే ఏకే టూ నాట్ త్రీ అంట. అది మళ్ళీ సెవెన్ సిక్స్ టూ."

"అంటే తిరిగి తిరిగి మీ తూటా దగ్గరికే వచ్చారన్నమాట!"

"నీ మొహం. నా తూటా దాన్లో దూరదురా."

నాకు ఎక్కలేదని గ్రహించి ఆయన కాజాల్లోకి దిగారు. మా వైపు ఏ శాస్త్రమైనా తిండిలోకి దిగితేగాని బోధపడదు. "కాకినాడ గొట్టం కాజా ఉంది, తాపేశ్వరం మడత కాజా ఉంది. రెండూ కాజాలే. దాని పెట్టెలో ఇది సర్దగలవా? ఇదీ అంతే. 7.62 అన్నది బ్యారెల్ బెజ్జం కొలత, మిల్లీమీటర్లలో. వెనకాల మందు కూరిన గొట్టం ఉంటుంది చూడు, దాని పొడుగు వేరు. నాది 51. ఏకేది 39. పేరొకటే కదాని ఈ డబ్బా ఆ పల్టనుకి పంపించావనుకో, ఇంక తుపాకీని కర్రలా తిప్పుకోవడమే."

ఆ తర్వాత లెక్క చూసుకుంటే మన సైన్యం దగ్గర రెండు రకాల కాజాలూ ఉన్నాయని తేలింది. 2019 ఫిబ్రవరిలో అమెరికా కంపెనీ సిగ్ సావర్ నుంచి 72,400 రైఫిళ్ళు కొన్నాం, అత్యవసరమని. అవి 51. అత్యవసరం తీరలేదు కాబోలు, 2024 ఆగస్టులో ఇంకో 73,000కి చెప్పాం. ఈలోపు రష్యావాళ్ళతో కలిసి ఉత్తరప్రదేశ్‌లో అమేఠీ దగ్గర కోర్వాలో ఏకే-203ల ఫ్యాక్టరీ పెట్టాం. అక్కడ తయారవ్వాల్సినవి 6,01,427. చివర ఆ ఇరవై ఏడు ఎవరికో నాకిప్పటికీ అంతుపట్టలేదు. అవి 39. ఆ ఫ్యాక్టరీకి ప్రారంభోత్సవం 2019 మార్చిలో జరిగింది, తుపాకులు చెయ్యమని ఒప్పందం మీద సంతకాలు 2021 డిసెంబరులో పడ్డాయి. మనూళ్ళో ఎవరైనా గృహప్రవేశం చేసి, భోజనాలు పెట్టి, ఆ తర్వాత మేస్త్రీతో బేరం మొదలెడితే పిచ్చోడంటాం.

పోనీ ఇన్సాసు పోతోంది, దానితోపాటు 5.56 తూటా గొడవ వదిలింది అనుకున్నామా? 4.25 లక్షల కార్బైన్లు కావాలని మళ్ళీ టెండరు పిలిచారు. అవి 5.56లోనే. వీధి గుమ్మం దాకా వెళ్ళి సాగనంపిన చుట్టం పెరటి గుమ్మంలోంచి వచ్చి "కాఫీ ఉందా?" అన్నట్టు.

ఇంతకీ ఆ 5.56 మన ఇంటికెలా వచ్చింది? దానికో కథ ఉంది. చైనా యుద్ధం దాకా మనవాళ్ళు త్రీనాట్ త్రీతోనే పోరాడారు. ఒక్కో గుండుకీ బోల్టు వెనక్కి లాగి ముందుకి తొయ్యాలి. దెబ్బ తిన్నాక ఎస్సెల్లారు వచ్చింది. బరువే, తన్నితే భుజం కమిలేదే, కానీ తగిలినవాడు లేచేవాడు కాదు. 1980ల్లో ప్రపంచమంతా చిన్న తూటాకి మారుతోందని మనమూ మారాం. దానికి తోడుగా ఒక సిద్ధాంతం కూడా ప్రచారంలోకి వచ్చింది: శత్రువుని చంపక్కర్లేదు, గాయపరిస్తే చాలు. వాణ్ణి మొయ్యడానికి ఇంకో ఇద్దరు కావాలి, ఒక్క గుండుతో ముగ్గురు పోరు మానేస్తారు. వినడానికి ఎంత ముద్దుగా ఉందో! కాశ్మీరు కొండల్లో చావడానికే వచ్చినవాడికి మోసే ఇద్దరు ఉండరనీ, గాయం తగిలాక కూడా వాడు కాలుస్తూనే ఉంటాడనీ తెలిసొచ్చాక సిద్ధాంతం మార్చుకున్నాం. సిద్ధాంతం మార్చడం తేలిక, తూటా మార్చడానికే తరాలు పడుతుంది.

ఇన్సాసు పుణెలో పుట్టింది. పుట్టడం మాట అటుంచి, ఎదగడం ఎంత ఆలస్యమైందంటే, ఈలోపు చేతులు ఖాళీగా ఉండలేక 1990ల్లో తూర్పు యూరప్ నుంచి లక్ష ఏకేలు తెచ్చుకున్నాం. చివరికి 1998 గణతంత్ర దినోత్సవం పరేడ్‌లో పెళ్ళికొడుకులా ఊరేగింది. మరుసటేడే కార్గిల్. ఆ చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయి, కొన్నిచోట్ల తుపాకీ మొరాయించింది. నేపాల్ సైన్యానికి ఇస్తే వాళ్ళూ మొహం మాడ్చుకున్నారు. అయినా ఇరవై ఏళ్ళకి పైగా మన పిల్లలు దానితోనే కాపలా కాశారు. దాని లోపాలు వాళ్ళకి తెలుసు, వాటితో ఎలా కాపురం చెయ్యాలో కూడా తెలుసు. అది వేరే సంగతి.

నాకు అన్నిటికన్నా నచ్చింది 2011 టెండరు. అందులో సైన్యం కోరిక ఇది: ఒకటే రైఫిలు ఉండాలి, మామూలప్పుడు 5.56 పేల్చాలి, గొట్టం మారిస్తే 7.62 ఏకే తూటా పేల్చాలి. ఈ మాట చదవగానే నాకు కోనసీమ పెళ్ళిళ్ళ పేరయ్యలు గుర్తొచ్చారు. అబ్బాయి అమెరికాలో ఉద్యోగం చెయ్యాలి, రోజూ సాయంత్రం అంబాజీపేటలో కొబ్బరితోట చూసుకోవాలి అనే మామగార్లని వాళ్ళు బోలెడుమందిని చూశారు. పేరయ్య కాదనడు. "చూద్దామండి" అని దక్షిణ పుచ్చుకుని వెళ్ళిపోతాడు. ఇక్కడా అంతే. ఖండాంతరాల నుంచి పేరున్న కంపెనీలు తుపాకులు పట్టుకొచ్చాయి, ఎండలో ఇసుకలో నీళ్ళలో పరీక్షలు జరిగాయి, 2015లో మొత్తం రద్దు చేశారు. 2011 నుంచి 2015, దాదాపు నాలుగేళ్ళు. అగ్నిపథ్ అనే పథకం 2022లో వచ్చిందని అందరూ అనుకుంటున్నారు గానీ, నాలుగేళ్ళు సర్వీసు చేసి ఇంటికెళ్ళిపోయిన మొదటి అగ్నివీర్ ఆ టెండరే. తర్వాత ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిచ్చిన 7.62 రైఫిలు 2017 పరీక్షల్లో తప్పింది. సప్లిమెంటరీ కూడా రాయనివ్వలేదు.

మనల్నే అనడం న్యాయం కాదు. అమెరికావాడు వియత్నాంలో కొత్త ఎం-16 ఇచ్చి, తూటాలో మందు మార్చి, తన కుర్రాళ్ళ చేతుల్లో అది బిగుసుకుపోయేదాకా తెచ్చుకున్నాడు. ఆ 5.56నే ప్రపంచానికి అంటగట్టి, అరవై ఏళ్ళకి చాల్లేదని ఇప్పుడు 6.8కి వెళ్తున్నాడు. 2022లో ఎంపిక చేసిన ఆ రైఫిలుకి ఎక్స్ఎం-5 అని పేరు పెట్టి, ఐదో నంబరు వేరే కంపెనీది ఉందని గుర్తొచ్చి ఏడుకి మార్చాడు. బారసాల రెండుసార్లు చేసిన ఖర్చు ఎవరు పెట్టుకున్నారో మరి.

అసలు మా ప్రాంతంలో తుపాకుల సేకరణకి ఒక పద్ధతి ఉంది. వందేళ్ళు దాటింది, ఢిల్లీలో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు పోలీసు స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు గారు మొత్తం 26 తుపాకులు, 2,500 తూటాలు సేకరించారు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరని కూడా విడిపించుకొచ్చారు, అది సరుకు మీద కొసరు. అన్నిటికన్నా ముచ్చటైన సంగతి, ఏమేం తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళారు.

దీన్ని రక్షణ శాఖ భాషలోకి మార్చి చూడండి. సరఫరాదారు: ఒక్కడే, బ్రిటిష్ ప్రభుత్వం. ధర మీద బేరం: లేదు. డెలివరీ: అక్కడికక్కడే. సాంకేతిక పరిజ్ఞానం బదిలీ: సంపూర్ణం. తుపాకీ ఏ బీరువాలో దొరికిందో తూటా కూడా అక్కడే దొరికింది కాబట్టి 51లూ 39ల పేచీ లేదు. రసీదు కూడా ఉంది, ఆడిట్ వాళ్ళు ఏమంటారు?

ఆ పద్ధతికీ ఒక ఇబ్బంది వచ్చిందనుకోండి. ముందే కబురు చెప్పి దాడికి వెళ్ళడం రాజు గారికి అలవాటు, ఆ కబురునే మిరపకాయ టపా అంటారు. బహిరంగ ప్రకటన అన్నమాట. అక్టోబరు 15న అడ్డతీగల వెళ్ళేసరికి, అప్పటికే బుద్ధొచ్చిన పోలీసులు తుపాకుల్ని స్టేషన్లోంచి తరలించేశారు. ప్రకటన ఇచ్చిన చోట సరుకు దొరకదన్న సంగతి మన్యంలో అప్పుడే తేలిపోయింది.

ఇదంతా బాబాయికి చెప్పి, నవ్వుతారని చూశాను. ఆయన చుట్ట ఆర్పి అరుగు కింద పెట్టారు.

"అవి ఎవరు పేలుస్తారో వాళ్ళే వెళ్ళి తెచ్చుకున్నార్రా. మమ్మల్నెవడడిగాడు?"

"ట్రయల్స్‌లో మీ అభిప్రాయం తీసుకోరా బాబాయ్?"

"తీసుకుంటారు. ఫారం ఉంటుంది. ఎక్కడికెళ్తుందో తెల్దు." కాసేపు ఊరుకుని ఆయనే అందుకున్నారు. "మాకు తెలిసింది ఖోఖా లెక్క. ఫైరింగ్ అయ్యాక ఖోఖాలన్నీ, అంటే ఖాళీ తూటా గొట్టాలన్నీ, ఏరి లెక్క అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గిందా, ప్లటూను మొత్తం గడ్డిలో మోకాళ్ళ మీద పాకాల్సిందే. ఓసారి చీకటి పడేదాకా వెతికాం. ఒక్క ఖోఖా."

"దొరికిందా?"

"ఎందుకు దొరకదూ. దొరక్కపోతే ఈపాటికి అక్కడే ఉండేవాణ్ణి."

అప్పుడే మనవడు కాలవగట్టు మీద పరుగు ముగించుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. అగ్నివీర్ పరీక్షకి కోచింగ్ తీసుకుంటున్నాడట. గ్లాసుడు మజ్జిగ తాగి, నోటుబుక్కు తెరిచి, భారత సైన్యం ఆయుధాలు అని పైన గీత కొట్టుకుని కూర్చున్నాడు.

"తాతా, మన సర్వీస్ రైఫిల్ తూటా 7.62 బై 39, అంతేగా?"

బాబాయి వాడి చేతిలో పెన్ను లాక్కుని, జేబులోంచి పెన్సిలు తీసిచ్చారు.