తాళంచెవులన్నీ ఒకే కొంగుకు

గుడి కమిటీలో పరిచయమైన డాక్టరుగారు "మంచి పని, మూడు నెలలకో మీటింగు, కాఫీ, డోనట్టు, అంతే" అన్నారని మీరు ఆ సేవాసంస్థ బోర్డులో చేరారు. కోశాధికారి పదవి ఖాళీగా ఉందనేసరికి, తెలుగువాళ్లు లెక్కల్లో గట్టివాళ్లని చప్పట్లు కొట్టి మీకే అంటగట్టారు. తీరా చూస్తే ఆ సంస్థ కింద సెక్షన్ 811 డబ్బుతో కట్టిన పద్నాలుగు ఫ్లాట్ల భవనం ఉంది. అందులో ఉండేవాళ్లంతా ఆదాయం బొత్తిగా తక్కువున్న వికలాంగులు. వచ్చే నెల ఆడిట్.

కంగారు పడకండి. ఒహాయోలో ఇలాంటి భవనం పద్దులు పందొమ్మిదేళ్లు రాసినవాణ్ని నేను. పందొమ్మిది ఆడిట్లు చూశాను. పందొమ్మిదింటిలోనూ అభ్యంతరాలే. ఇంత అనుభవం మీకు ఇంకెక్కడ దొరుకుతుంది? కాగితం, కలం తీసుకోండి.

1. షరతు వదిలేసి మిగతాది చదవండి

సెక్షన్ 811 అనేది 1990 నాటి చట్టంతో మొదలైన పథకం. భవనం కట్టడానికి అమెరికా గృహనిర్మాణ శాఖ, అంటే అందరూ హడ్ అని పిలిచేది, ముందే పెట్టుబడి ఇస్తుంది. వడ్డీ లేదు, తిరిగి కట్టనక్కర్లేదు. అక్కడ పుస్తకం మూసేయండి. ఆ తర్వాత వచ్చే ముక్క, కనీసం 40 ఏళ్లపాటు ఆ ఇళ్లను పేద వికలాంగులకే ఇవ్వాలన్నది, కళ్లకు శ్రమ.

"మా ఏడాది ఖర్చు రెండు లక్షల డాలర్లే, పెద్ద ఆడిట్ మాకెందుకు?" అని కూడా వాదించండి. నేనూ వాదించాను. ఏడాదిలో ఫెడరల్ ఖర్చు 7,50,000 డాలర్లు చేరితే సింగిల్ ఆడిట్ అనే ఈ పెద్ద ఆడిట్ తప్పనిసరి అని రూలు ఉండేది. 2024 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు ఆ హద్దును పది లక్షలు చేశారు. రెండు లక్షలెక్కడ, పది లక్షలెక్కడ? కానీ ఆడిటరు ఆ పాత పెట్టుబడి మొత్తాన్ని కూడా ఏటా లెక్కలోకి తెస్తాడు. షరతు ఇంకా నడుస్తోంది కాబట్టి ఆ డబ్బూ నడుస్తున్నట్టేనట. ఎప్పుడో పెళ్లిలో పెట్టిన వడ్డాణాన్ని ఏటా తెచ్చి తూకం వేయించమన్నట్టుంది కదూ? ఇది నాకు మూడో ఏట తెలిసింది. మీకు తెలియకపోవడమే మేలు, ప్రశాంతంగా నిద్రపడుతుంది.

2. తాళంచెవులన్నీ ఒకే కొంగుకు కట్టండి

ఆఫీసులో ఒక నమ్మకమైన మనిషిని చూసుకోండి. తపాలా విప్పేది ఆవిడే, చెక్కులు బ్యాంకులో వేసేది ఆవిడే, బిల్లులకు చెక్కులు రాసేది ఆవిడే, పద్దు రాసేది ఆవిడే. నెలాఖరుకు బ్యాంకు స్టేట్‌మెంటుతో పద్దును సరిచూసి "సరిపోయింది" అని టిక్కు పెట్టేదీ ఆవిడే. ఎంత సౌకర్యం! తన తప్పు తనే పట్టుకోవాలి కాబట్టి ఎప్పుడూ దొరకదు. ఆవిడ తొమ్మిదేళ్లుగా ఒక్క రోజు సెలవు పెట్టలేదంటే సన్మానం చేయండి. ఎందుకు పెట్టడం లేదని మాత్రం అడక్కండి.

చెక్కు మీద రెండు సంతకాలుండాలని తీర్మానం ఉందా? చెక్కుబుక్కు మొత్తం మీద మీ సంతకం ముందే గీకి ఆవిడ చేతిలో పెట్టండి. మళ్లీ మళ్లీ కారేసుకుని రానక్కర్లేదు.

ఎవరో చాదస్తులు చెబుతారు: చిన్న ఆఫీసులో పనులు విడదీయడం కష్టమైతే, బ్యాంకు స్టేట్‌మెంటు కవరును చింపకుండా నేరుగా కోశాధికారి ఇంటికే తెప్పించుకోవచ్చని, నెలకో అరగంట చూస్తే చాలని. అరగంటా? ఆదివారం మ్యాచ్ ఎవరు చూస్తారు?

3. రిజర్వును పోపులడబ్బా అనుకోండి

పైకప్పు, బాయిలరు, లిఫ్టు ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పదని నెలనెలా కొంత సొమ్ము వేరే ఖాతాలో వేయాలి. దాన్ని ముట్టుకోవాలంటే హడ్-9250 అనే ఫారం నింపి, బిల్లులు జతచేసి, వాళ్ల అనుమతి రావాలి. పోపులడబ్బాలో దాచిన చిల్లర తీసుకోవడానికి కలెక్టరు సంతకమా? జీతాలకు తక్కువ పడిన శుక్రవారం తీసేసుకోండి, తర్వాత వేద్దాం అనుకోండి. నేను అలాగే అనుకున్నాను. ఆ "తర్వాత" ఇంకా రాలేదు.

ఫిబ్రవరిలో, బయట మోకాలెత్తు మంచున్న వారంలో, లిఫ్టు ఆగింది. మెకానిక్కు వచ్చి మోటారు పోయిందన్నాడు. అడ్వాన్సు అడిగాడు. రిజర్వు ఖాతా తెరిచి చూస్తే అడుగు కనబడుతోంది. పై అంతస్తులో ఒకతను మోటారు చక్రాలకుర్చీలో ఉంటాడు. మనిషిని ఇద్దరం ఎత్తి దించగలం, ఆ కుర్చీని నలుగురం కలిసినా మొదటి మెట్టు దాటించలేకపోయాం. పదకొండు రోజులు అతను ఆ అంతస్తులోనే ఉండిపోయాడు. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని పార్కింగులో నా కారు ఆగడం చూసేవాడు. అందుకే చెబుతున్నాను: కారు వెనకవైపు ఆపడం అలవాటు చేసుకోండి.

4. పాత ఫారానికి కొత్త తేదీ వేయండి

ఈ ఇళ్లలో అద్దె అంటే మన ఇష్టం కాదు. మినహాయింపులు పోగా మిగిలిన ఆదాయంలో సాధారణంగా 30 శాతం. 2025లో ఎస్సెస్సై అనే ప్రభుత్వ సాయం మీద ఒంటరిగా బతికే మనిషికి ఫెడరల్ భృతి నెలకు 967 డాలర్లు. వేరే ఆదాయం లేకపోతే ఆ మనిషి వాటా సుమారు 280 అవుతుంది. ఆమోదించిన నిర్వహణ ఖర్చులో మిగతాది హడ్ భరిస్తుంది. ఏటా ప్రతి ఒక్కరి ఆదాయం, జేబులోంచి పెట్టుకున్న వైద్య ఖర్చు మళ్లీ కాగితాలతో సహా తేల్చి 50059 అనే ఫారం నింపాలి.

పద్నాలుగు ఫైళ్లు! నిరుటిదాన్ని జిరాక్సు తీయండి, తేదీ మార్చండి. మందుల బిల్లులు తెచ్చి చూపిస్తే "పెట్టి వెళ్లండి" అనండి. మా దగ్గర ఒకాయన చేత ఇలా రెండేళ్లపాటు నెలకు 12 డాలర్లు ఎక్కువ కట్టించాం. పన్నెండు డాలర్లు నాకు ఒక పూట లంచి. ఆయనకు ఏమిటో నేనడగలేదు.

ఆదాయాలు సరిచూడటానికి ఈఐవీ అనే ప్రభుత్వ కంప్యూటరు వ్యవస్థ ఉంది. దాని పాస్‌వర్డు ఎవరిది వాళ్లే వాడాలంటారు. పసుపుచీటీ మీద రాసి మానిటరుకు అంటించండి, అందరం ఒకింటివాళ్లమే కదా. చనిపోయినవాళ్ల జాబితా కూడా అందులో వస్తుంది, దాన్ని మాత్రం తెరవకండి. మనిషి పోయినా మన ఫైల్లో చిరంజీవిగా ఉంటే ఆ ఫ్లాటుకు సబ్సిడీ వస్తూనే ఉంటుంది. తర్వాత వడ్డించినవాళ్లే విస్తరి లాక్కుంటారనుకోండి, అది వేరే సంగతి.

5. వెయిటింగు లిస్టు పెన్సిలుతో రాయండి

రబ్బరు పక్కనే పెట్టుకోండి. ఇంతకంటే వివరంగా రాస్తే నాకే ముప్పు.

6. అభ్యంతరాలకు అందమైన జవాబులు

ఆడిటరు భాషలో మూడు మెట్లున్నాయి. మామూలు లోపం, ముఖ్యమైన లోపం, ఆపైన మెటీరియల్ వీక్‌నెస్, అంటే పెద్ద తప్పు దూరినా కంచె ఆపలేని స్థితి. రెండో మెట్టు ఎక్కినా చాలు, దిద్దుబాటు ప్రణాళిక రాయమంటారు. ఎవరు చేస్తారు, ఏం చేస్తారు, ఎప్పటికి చేస్తారు అని మూడు ప్రశ్నలుంటాయి. నా జవాబులు అట్టేపెట్టుకోండి: "సంబంధిత సిబ్బంది", "తగు చర్యలు", "త్వరలో". పందొమ్మిదేళ్లు ఇవే రాశాను. మరుసటి ఏడాది ఆడిటరు మళ్లీ అదే లోపం రాసేవాడు, నేను అదే జవాబు ఇచ్చేవాణ్ని. అత్తాకోడళ్లకు కూడా అంత అన్యోన్యం ఉండదు.

నివేదిక చేతికొచ్చిన 30 రోజులకో, ఏడాది ముగిసిన తొమ్మిది నెలలకో, ఏది ముందైతే ఆ లోపు ఫెడరల్ ఆడిట్ క్లియరింగ్‌హౌస్‌కు పంపాలి. మీరు "తొమ్మిది నెలలు" అన్న మాట ఒక్కటే గుర్తుపెట్టుకుని, నెలలు నిండాక నొప్పులు పడండి.

7. చివరి సలహా

అద్దెకున్నవాళ్లు కట్టిన డిపాజిట్లు విడిగా ఒక ఖాతాలో ఉండాలని రూలు. అన్నీ ఒకే హుండీలో వేసుకున్నాం మేం. చివరి ఆడిట్లో "ఎవరు ఎంత కట్టారో జాబితా ఇవ్వండి" అన్నారు. జాబితా లేదు. వెళ్లి అద్దెకున్నవాళ్లనే అడిగి రాసుకొద్దామని బయల్దేరాను.

కింది అంతస్తులో మూడో తలుపు. ఆవిడకు చూపు లేదు. విషయం చెప్పగానే లేచి, గోడను తాకుతూ వెళ్లి, అలమరలోంచి నీలంరంగు బిస్కెట్ల డబ్బా తెచ్చింది. లోపల రసీదులు, ఏడాదికొక రబ్బరు బ్యాండు. మొట్టమొదటి కట్టలో పైనే డిపాజిట్ రసీదు. తేదీ, మొత్తం, మా ఆఫీసు ముద్ర. ప్రతి రసీదు మూలనా రెండు వేర్వేరు చేతిరాతల్లో రెండు పొడి అక్షరాలు.

అవేమిటని అడిగాను. రసీదు రాగానే సాయం చేసే అమ్మాయి చదివి వినిపించి ఒక అక్షరం వేస్తుందట. ఆదివారం మేనల్లుడు వస్తే, ఆ అమ్మాయి ఏం చదివిందో చెప్పకుండా, అతని చేత మళ్లీ చదివించి ఇంకో అక్షరం వేయిస్తుందట.

"ఆ అమ్మాయి మీద అంత అనుమానమా?" అన్నాను.

ఆవిడ నవ్వింది. "అనుమానం ఉంటే ఇంట్లోకే రానివ్వను. నాకు కనపడదు కదా, అందుకని ఇద్దరు."

నేను డబ్బా మూత పెట్టి ఆఫీసుకొచ్చాను. పందొమ్మిదేళ్లుగా నాకు రెండు కళ్లూ బాగానే కనిపిస్తున్నాయి. కాబట్టి నా చివరి సలహా: మీరు ఏ తప్పు చేసినా చేయండి, అద్దెకున్నవాళ్లకు రసీదు మాత్రం ఇవ్వకండి.