బెల్లం కొట్టిన రాయి

బెల్లం వీడియో మీకూ వచ్చే ఉంటుంది. మా బంధువుల గ్రూపులో ఒక్క ఆదివారమే నలుగురు పంపారు. బెల్లం తింటే ఊపిరితిత్తుల్లో దుమ్మంతా మూడు రోజుల్లో ఊడ్చుకుపోతుందట. కింద మా పెద్దబావగారు "నిజం, మా నాన్నగారు కూడా చెప్పేవారు" అని సంతకం పెట్టారు. వాళ్ల నాన్నగారు తాలూకాఫీసులో గుమస్తా. జన్మలో ఆయన పీల్చిన దుమ్మల్లా పాత ఫైళ్లది.

ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నవాళ్లు బెల్లం తింటే నాకేం నొప్పి? షుగర్ ఉంటే వాళ్లే చూసుకుంటారు. ఆ వీడియో పక్కన అమ్ముతున్న ఊపిరితిత్తుల డిటాక్స్ టీ జోలికీ పోను, డబ్బులెక్కువైనవాళ్లు తాగనీ. నాకు ఒళ్లు మండింది మొన్న మార్చిలో, కరీంనగర్ వైపు మా ఊరి పక్క కంకర క్రషర్ దగ్గర. భద్రతా వారోత్సవాలు. బ్యానర్ కట్టారు, కుర్చీలు వేశారు. పనివాళ్లను వరసలో నిలబెట్టి తలా ఒక బెల్లం ముక్క, రెండు అరటిపళ్లు చేతిలో పెట్టారు. "కార్మికుల ఊపిరితిత్తుల రక్షణ కోసం యాజమాన్యం తీసుకున్న చర్య" అని మైకులో చెప్పారు. చప్పట్లు కూడా కొట్టించారు.

సరే, ఈ చర్యను కాస్త అర్థం చేసుకుందాం. మనిషి గొంతు దగ్గర రెండు దారులు చీలతాయి. ఒకటి తిండిది, ఒకటి గాలిది. దుమ్ము గాలి దారిన పోయింది. బెల్లం తిండి దారిన పోతుంది. వరంగల్ బస్సెక్కినవాణ్ణి నిజామాబాద్ బస్సులో వెతకడమన్నమాట. పొరపాటున బెల్లం రెండో దారి పట్టిందా, పొలమారుతుంది. అప్పుడు ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన కొడతారు తప్ప, ఊపిరితిత్తులు శుభ్రపడుతున్నాయని ఎవరూ సంబరపడరు.

బెల్లం పక్షంవాళ్ల దగ్గర శాస్త్రం కూడా ఉందండోయ్. 1994లో లక్నో శాస్త్రవేత్తలు ఎలుకల శ్వాసనాళంలో దుమ్ము పోసి, బెల్లం పెట్టి, దుమ్ము కాస్త జోరుగా కదిలిందని రాశారు. ముప్పై ఏళ్లుగా ఆ ఎలుకలే మన క్రషర్లకు భద్రతాధికారులు. ఎలుక మర్నాడు పొద్దున మళ్లీ షిఫ్టుకి వెళ్లదు. ఎలుకకు మేస్త్రీ ఉండడు, అడ్వాన్సు బాకీ ఉండదు. ఇవన్నీ ఉన్నవాడి సంగతి ఆ ఎలుక చెప్పలేదు.

బెల్లం చప్పరిస్తే గొంతులో గరగర తగ్గుతుంది, కాదనను. కానీ గొంతులో ఆగే లావు దుమ్ము మర్యాదస్తురాలు, కాండ్రించి ఉమ్మితే పోతుంది. ప్రాణం తీసేది కంటికి కనబడనిది. వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు అనుకుంటే, ఇది ఐదుకి లోపు. ముక్కుకి కట్టుకున్న తువ్వాలు నేత దానికి తెరిచిన గేటు. నేరుగా ఊపిరితిత్తుల చిట్టచివర, గాలి బుడగల్లోకి పోయి కూర్చుంటుంది.

అక్కడ కాపలాకు కొన్ని కణాలుంటాయి, మాక్రోఫేజ్‌లు. దుమ్ము కణాలని వీటికి ఇంకో పేరు. 1882లో మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఇటలీలోని మెస్సీనాలో నక్షత్రచేప పిల్ల ఒంట్లో ముల్లు గుచ్చి వదిలేస్తే, తెల్లారేసరికి ఇలాంటి కణాలే ముల్లు చుట్టూ మూగి కనబడ్డాయి. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కణాల పని ఒక్కటే. వచ్చినదాన్ని మింగి, లోపలి ఆమ్లాల సంచిలో వేసి అరిగించడం. క్రిములైతే అరుగుతాయి. రాయి అరుగుతుందా?

వాతాపి కథ మీకు తెలిసిందే. మేకయి వండించుకుంటాడు, తిన్నవాడి పొట్ట చీల్చుకుని నవ్వుతూ బయటికొస్తాడు. రాతిపొడిలోని సిలికా అచ్చం అదే. మింగిన కణం లోపల సంచికి చిల్లు పెడుతుంది. అందులోని ఎంజైములు కారి కణాన్నే కాల్చేస్తాయి. చస్తూ ఆ కణం కేకలు పెడుతుంది, ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి రసాయనాలతో. ఆ కేకలకు గంట కొట్టేది ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రొటీన్ల కూటమి అని 2008లో తేలింది. కణం చచ్చాక రాయి చెక్కుచెదరకుండా బయటపడుతుంది. దాన్ని మింగడానికి ఇంకో కణం పరిగెత్తుకొస్తుంది. అదీ చస్తుంది. ఇంకోటి వస్తుంది. ఇక్కడ వాతాపిని అరిగించుకునే అగస్త్యుడెవడూ లేడు. కేకలు విని వచ్చిన మరమ్మతు కణాలు పుండు మీద మచ్చ కట్టినట్టు కొల్లాజెన్ పోసి పోతాయి. స్పాంజిలా సాగాల్సిన చోట రాళ్లలాంటి గడ్డలు కడతాయి. పని మానేసి ఇంట్లో కూర్చున్నా ఈ తంతు ఆగదు. సిలికోసిస్ అంటే ఇదే. దీన్ని వెనక్కి తిప్పే మందు లేదు. బెల్లం ఈ కథలో ఎక్కడొస్తుందో మైకు పట్టుకున్న పెద్దమనిషి చెప్పాలి.

ఇంకో సంగతుంది. టీబీ క్రిమిని పట్టాల్సిందీ ఈ కణాలే. రాళ్లు మింగి చస్తున్న కావలివాడు దొంగనేం పడతాడు? అందుకే ఈ పనివాళ్లకు టీబీ త్వరగా అంటుకుంటుంది. యజమానికి అంతకన్నా ఏం కావాలి! టీబీ అంటే సర్కారు మందులు. సిలికోసిస్ అంటే చట్టం కింద నష్టపరిహారం. ఆ జబ్బు చూసిన డాక్టరు అధికారులకు రాసి పంపాలని కూడా చట్టంలో ఉంది. రాస్తే కదా! పనివాడి పేరు మస్టర్‌లోనే ఉండదు, పదేళ్లు పనిచేశాడనడానికి వాడి ఊపిరితిత్తులు తప్ప వేరే సాక్ష్యం ఉండదు. ఆ సాక్ష్యాన్ని ఎక్స్‌రేలో చూసి కూడా టీబీ అని రాసి పంపేస్తే, అది వైద్యం కాదు, యజమాని తరఫు వకాల్తా.

గుజరాత్‌లో గోద్రా వైపు క్వార్ట్జ్ మిల్లుల్లో పనిచేసి చచ్చిపోయిన మధ్యప్రదేశ్ ఆదివాసీలు 238 మంది కుటుంబాలకు డబ్బివ్వమని సుప్రీంకోర్టు 2016లో చెప్పాల్సివచ్చింది. వాళ్ల ఊళ్లలో బెల్లం దొరకకనా?

బెల్లంలాంటి చిట్కాలు మన బుర్రలోంచే పుడతాయనుకుని సిగ్గుపడకండి. కెనడాలో ఒంటారియో గనుల్లో 1943 నుంచి 1979 దాకా షిఫ్టు ముందు కార్మికుల్ని గదిలో కూర్చోబెట్టి అల్యూమినియం పొడి పీల్పించారు. సిలికోసిస్ రాకుండానట! దుమ్ముకి విరుగుడు దుమ్ము. తర్వాత వాళ్లలో పార్కిన్సన్స్ జబ్బు ఎక్కువని లెక్క తేలింది. మన బెల్లం నయం, తియ్యగానైనా ఉంటుంది.

అసలు విరుగుడు పేరు నీళ్లు. రాయికి రంధ్రం వేసేచోట నీళ్లు, క్రషర్ నోటి దగ్గర నీళ్లు, బెల్టు మీద మూత. ఆ కనబడని పొడి ఉత్త క్వార్ట్జ్‌దే అయితే ఘనమీటరు గాలిలో సుమారు 0.1 మిల్లీగ్రాము మించకూడదని మన ఫ్యాక్టరీల చట్టం పెట్టిన లెక్క. అమెరికా 2016లో తన లెక్కను 0.05కి దించింది. మా క్రషర్ దగ్గర చాయ్ గ్లాసులో అంతకు పదింతలు తేలుతుంది. నీళ్ల పైపులు ఉన్నాయి, లేకపోలేదు. జల్లు నోళ్లు ఎప్పుడో పూడిపోయాయి, ఒకదాంట్లో కందిరీగలు గూడు కట్టాయి. వారోత్సవం రోజు మాత్రం ట్యాంకరు వచ్చింది. ఆఫీసు ముందు రోడ్డు తడిపి వెళ్లింది, వచ్చే అధికారి కారుకు దుమ్మంటకుండా. గాలిలో దుమ్ము ఎప్పుడు కొలిచారు సార్ అని ఆ అధికారినే అడిగాను. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

వరసలో మా ఊరి అన్న ఒకాయన ఉన్నాడు. పద్దెనిమిదేళ్లుగా డ్రిల్లింగు. మూతికి కట్టిన తువ్వాలు నోటి దగ్గర తడిసి, సిమెంటు పూసినట్టు బూడిదరంగు ముద్దయింది. నాలుగు అడుగులు వేసి ఆగుతున్నాడు.

"ఎట్లున్నవ్ అన్నా?"

"ఏముంది తమ్మీ. దుమ్ము ఎక్కువైంది, దమ్ము తక్కువైంది."

తన బెల్లం ముక్కలో సగం విరిచి నాకు పెట్టాడు. గంటసేపు అక్కడ బల్ల మీద మూత లేకుండా పెట్టిన బెల్లం. నోట్లో వేసుకున్నాను. మొదట తీపి, తర్వాత పళ్ల కింద కరకర. నా మొహం చూసి అన్న నవ్వబోయాడు, దగ్గొచ్చింది. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"ఉమ్మెయ్ తమ్మీ," అన్నాడు, "నీకు అలవాటు లేదు."