ఎర్ర అడుగు జోడుకు జేజేలు

దేవుణ్ణి వర్ణించేటప్పుడు పాదాల దగ్గర మొదలుపెట్టి కిరీటం దాకా పోవాలి, మనిషినైతే తల దగ్గర మొదలుపెట్టి పాదాల దాకా రావాలి అన్నది మన కవుల మర్యాద. నీ విషయంలో ఆ చర్చే అక్కర్లేదు. నిన్ను తొడుక్కున్న మనిషి మీద పడిన చూపు తిన్నగా కిందికి దిగుతుంది, నీ అడుగున ఎర్రగా మెరిసే చోటికి చేరి అక్కడే ఆగిపోతుంది. అందుకే ఈ స్తోత్రం కూడా నీ అడుగు నుంచే మొదలు. పారిస్‌లో పుట్టి ప్రపంచమంతా పేరు మోసిన క్రిస్టియన్ లూబుటాన్ వారి హై హీల్స్ జోడా, నీ గురించి ఇక్కడ చెప్పబోయే గొప్పల్లో ఒక్కటీ కల్పన కాదు.

ముందుగా నీ పుట్టుక. 1991లో పారిస్‌లో, గాలెరీ వెరో-దోదా అనే పాతకాలపు గాజుకప్పు బజారు దగ్గర, లూబుటాన్ తన మొదటి దుకాణం తెరిచాడు. రెండేళ్ల తర్వాత ఒక నమూనా జోడు తయారై వచ్చింది. కాగితం మీద గీసినప్పుడు ఉన్న కళ జోడులో లేదు. అడుగు నల్లగా, బరువుగా ఉంది. పక్కన సహాయకురాలు గోళ్లకు ఎర్రరంగు వేసుకుంటోంది. ఆయన ఆ సీసా అందుకుని నల్లటి అడుగంతా ఎర్రగా పూసేశాడు. ఆయనే చెప్పే కథ ఇది. కాబట్టి నీ తేజస్సు ఒక పనిచేసే ఆడమనిషి చేతిగోటి నుంచి వచ్చింది. నేల వైపు తిరిగి ఉండే, ఎవరూ పట్టించుకోని చోటికి అందం తెచ్చావు. ఈ ఒక్క ఆలోచనకే నీకు మొదటి నమస్కారం.

ఆ రంగును కాపాడుకోవడంలో నీ అంత జాగ్రత్త ఇంకెవరికీ లేదు. 2008లో అమెరికాలో దాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించావు. ఈవ్ సాన్ లోరాన్ వారు ఎర్రజోడు చేస్తే న్యూయార్క్ కోర్టుకెక్కావు. 2012లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది: పైభాగం వేరే రంగులో ఉండి అడుగు మాత్రమే ఎర్రగా ఉంటే ఆ ఎరుపు నీది, ఒళ్లంతా ఎర్రగా ఉన్న జోడు మీద మాత్రం నీకు హక్కు లేదు. 2018లో యూరప్ న్యాయస్థానం కూడా నీ మాట నిలబెట్టింది. అంతకు ముందే, 2017లో, ఢిల్లీ హైకోర్టు నీ ఎర్ర అడుగును సుప్రసిద్ధ చిహ్నంగా గుర్తించింది. అట్లాంటిక్‌కు ఆవలి కోర్టూ, ఈవలి కోర్టూ, మన దేశపు కోర్టూ కలిసి కాపు కాస్తున్న ఎరుపు నీది. నీలో దూరిన కాలివేళ్లు ఒరుసుకుని పొక్కులెక్కి ఎర్రబడితే ఆ ఎరుపుకు ఏ దేశంలోనూ దిక్కు లేదు.

నీ సంతకం ఎంత సుకుమారమైనదో దగ్గరగా చూసినవాళ్లకే తెలుస్తుంది. నీ అడుగు తోలు. దాని మీద ఎర్రటి మెరుపు పూత. కార్పెట్ మీద రెండు గంటలు నిలబడితే ఆ పూతకు ఏమీ కాదు. సిమెంటు రోడ్డు మీద కాసేపు నడిస్తే బొటనవేలి మొదలు కింద, సరిగ్గా బరువంతా పడే చోట, పూత గీరుకుపోయి తోలు బయటపడుతుంది. అందుకే నిన్ను కొన్నవాళ్లు చాలామంది తొడుక్కోకముందే నిన్ను తీసుకుని చెప్పులు బాగుచేసే వాడి దగ్గరికి వెళ్తారు. అతను అదే రంగు పలచటి రబ్బరు ముక్కను నీ ఆకారానికి కత్తిరించి, జిగురు పూసి అంటిస్తాడు. పాదాన్ని కాపాడటానికి జోడు పుట్టింది, జోడును కాపాడటానికి రబ్బరు ముక్క వచ్చింది. నేలమీద నడిస్తే చెరిగిపోయే సంతకాన్ని కాలిజోడుకు పెట్టిన ఘనత నీదే.

ఇక నీ మడమ. నిన్ను గీసినవాడికి చిన్నప్పుడే దాని మీద మనసు పడింది. పారిస్‌లో పోర్ట్ దోరే మ్యూజియంలో ఒక బోర్డు ఉండేది. సూదిమడమ జోడు బొమ్మ గీసి, దాని మీద అడ్డంగా కొట్టేశారు. అలాంటి జోళ్లతో లోపలికి రావద్దని, చెక్కనేల పాడవుతుందని అర్థం. ఆ బొమ్మ పిల్లవాడి కళ్లలో నిలిచిపోయింది. కాదన్నదాన్నే గీయాలన్న పట్టుదల అక్కడే పుట్టింది. 2020లో అదే భవనంలో ఆయన పని మీద పెద్ద ప్రదర్శన జరిగింది. ఇంత అందమైన గెలుపు కళాకారుల జీవితాల్లో అరుదు. ఆ బోర్డు రాసినవాళ్లు కూడా తెలివైనవాళ్లే. మనిషి బరువంతా గోరంత చోట దిగితే కింద ఉన్న చెక్క గుంటలు పడుతుందని గ్రహించారు, నేలను కాపాడారు. ఆ బరువు మడమ మీదుగా దిగే ముందు ఏ ఎముకల గుండా వస్తుందో, ఆ ఎముకల తరఫున మాత్రం ఎక్కడా బోర్డు పెట్టలేదు.

నీ వంశంలో పేరున్నది 'సో కేట్'. దాని మడమ 120 మిల్లీమీటర్లు, అంటే పన్నెండు సెంటీమీటర్లు. ముందువైపు కొనదేలి ఉంటుంది. పక్కనుంచి చూస్తే ఆ గీతలో వంక పెట్టడానికి ఏమీ లేదు: మడమ నుంచి పాదం వంపు మీదుగా వేళ్ల దాకా ఒక్క ఊపులో గీసినట్టు ఉంటుంది. అంత ఎత్తు మీద కాలు నిలబడాలంటే చేసే చేతికి ఎంత లెక్క, ఎంత ఓర్పు ఉండాలో చెప్పుల పని తెలిసినవాళ్లు ఒప్పుకుంటారు. ఆ గీత లోపల జరిగేది ఇది. మడమ మోయాల్సిన బరువు ముందుకు జారి వేళ్ల మొదళ్ల మీద కూర్చుంటుంది. అయిదు వేళ్లూ మూడు వేళ్ల చోటులో ఇరుక్కుంటాయి. బొటనవేలు పక్కకి ఒరుగుతుంది, దాని మొదట్లో ఎముక బొడిపె కడుతుంది, చిటికెనవేలి మీద ఆనెకాయ లేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ వేసుకునేవాళ్ల పిక్క కండరం కురచబడి, మడమ వెనకున్న స్నాయువు బిగుసుకుపోతుంది. అప్పుడు చదును చెప్పులేసుకుంటేనే కాలు లాగుతుంది. మోకాలి మాట 1998లోనే లాన్సెట్ వైద్యపత్రిక చెప్పింది. హై హీల్స్‌తో నడిచిన ఆడవాళ్లను వట్టి కాళ్లతో నడిచినప్పటితో పోల్చితే, మోకాలి లోపలి వైపు ఒత్తిడి పెంచే మెలి సగటున 23 శాతం ఎక్కువని తేలింది. కీళ్ల అరుగుదల మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ కావడానికి ఇదొక కారణం కావచ్చని ఆ పరిశోధకులు అనుమానించారు.

నిన్ను ఇష్టపడే ఆడవాళ్ల మాట తీసిపారేయను. నిన్ను తొడుక్కుంటే వెన్ను నిటారుగా నిలుస్తుందని, నలుగురు మగవాళ్లున్న సమావేశంలో తలెత్తి చూడాల్సిన పని లేకుండా కంట్లో కన్ను పెట్టి మాట్లాడగలుగుతున్నామని చెబుతారు. సొంత సంపాదనతో కొన్న మొదటి ఖరీదైన వస్తువు నువ్వేనని గర్వంగా చూపించేవాళ్లున్నారు. అది నిజమైన సంతోషం. ఆ నోటితోనే ఇంకో మాటా చెబుతారు: కారు దిగిన చోటు నుంచి కుర్చీ దాకా చాలు, హ్యాండ్‌బ్యాగులో మడతపెట్టిన చదును జోడు సిద్ధంగా ఉంటుంది అని. నిన్ను మోసేవాళ్లకు దారి పొడవునా తోడుండేది ఆ మడత జోడు. నువ్వు గడప దాటించడానికి మాత్రం వస్తావు.

నీ నిజాయితీకి మాత్రం నేను రెండు చేతులెత్తి మొక్కాలి. నువ్వు సుఖంగా ఉన్నావని ఎవరైనా మెచ్చుకుంటే తనకు నచ్చదని నీ సృష్టికర్త దాపరికం లేకుండా చెప్పాడు. 2007లో సినిమా దర్శకుడు డేవిడ్ లించ్‌తో కలిసి పారిస్‌లో 'ఫెటిష్' అనే ప్రదర్శన పెట్టాడు. అందులోని జోళ్లు నడవడానికి పనికిరావు, నడవడానికి చేసినవీ కావు. లించ్ వాటిని ఫొటోలు తీశాడు. కాలిని మోసం చేసే జోళ్లు లోకంలో చాలా ఉన్నాయి. మెత్తగా ఉంటామని నమ్మించి కరుస్తాయి. నువ్వు అలా కాదు. నడక నీ పని కాదని ముందే చెప్పావు. విననిది మేము.

నీ ఎరుపుకు రాజవంశపు వారసత్వం కూడా ఉంది. మడమ జోడు పర్షియా గుర్రపురౌతుల కాలి నుంచి యూరప్ మగవాళ్ల కాళ్లకు వచ్చింది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ తన కొలువులోని ప్రభువులకు ఎర్రమడమలు గుర్తుగా ఇచ్చాడు. 1701లో ఇయాసింత్ రిగో గీసిన పటం లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అరవై దాటిన రాజు ఎర్రమడమలు కనబడేలా కాలు ముందుకు పెట్టి నిలబడతాడు. ఆ తర్వాత పద్దెనిమిదో శతాబ్దంలో మగవాళ్లు ఎత్తుమడమలు విడిచిపెట్టారు. వాళ్లకు నడిచే పనులున్నాయి. నువ్వు ఆ రాజసాన్ని ఆడవాళ్ల కాళ్లకు తొడిగావు, నడిచే పనులు మాత్రం వాళ్లకీ తగ్గలేదు.

రాజు పోయినా ఆజ్ఞ పోలేదు. 2016లో లండన్‌లో నికోలా థోర్ప్ అనే అమ్మాయి, ఆఫీసు రిసెప్షన్ పనికి చదును జోడు వేసుకొచ్చిందని తనను ఇంటికి పంపారని చెప్పింది. ఆమె పెట్టిన పిటిషన్ మీద లక్షన్నర మందికి పైగా సంతకాలు చేశారు. 2018లో కాన్ సినిమా ఉత్సవంలో నటి క్రిస్టెన్ స్టీవర్ట్ ఎర్రతివాచీ మీదే హీల్స్ విప్పి వట్టి కాళ్లతో మెట్లెక్కింది. 2019లో జపాన్‌లో యుమి ఇషికావా, ఆఫీసుల్లో హీల్స్ తప్పనిసరి చేయవద్దని ఉద్యమం నడిపింది. ఆ నిబంధనలు నువ్వు రాయలేదు. వాటికి ఒక కల మాత్రం నీ కంపెనీ ఇచ్చింది: ఆడమనిషి కాలు ఎంత ఎత్తున ఉంటే అంత పరువు అని. ఆ కల విలువ కూడా తేలింది. 2021లో ఎక్సోర్ అనే సంస్థ నీ కంపెనీలో 24 శాతం వాటాకు 54.1 కోట్ల యూరోలు ఇచ్చింది.

మన దేశానికీ వచ్చావు. 2017లో కోల్‌కతా డిజైనర్ సబ్యసాచితో కలిసి పాత చీరల అంచులు, కుట్టుపనులు నీ మీద పరిచావు. చేతిపనికి అది గౌరవమే. మన తెలుగింట పెళ్లికి వెళ్తే మాత్రం మండపం మెట్టు దగ్గరే చెప్పులు విడవాలి. అక్కడ వందల జతల మధ్య నువ్వూ ఒక జతవి, అడుగు నేలకానుకుని ఉంటుంది కాబట్టి ఆ ఎరుపు ఎవరికీ కనబడదు. లోపల నేల మీద వట్టి కాళ్లే నడుస్తాయి, పారాణి పెట్టిన కాళ్లు. పారాణి ఎవరి పేరు మీదా రిజిస్టరు కాలేదు, మడమకు బరువూ పెట్టదు.

కాబట్టి పొగడవలసినవన్నీ పొగిడాను. నీ గీత అందమైనది, నీ పనివాడి చేయి గొప్పది, నీ ఎరుపు మరపురానిది. చూడడానికి నువ్వు మ్యూజియం అద్దాల వెనక ఉండదగిన వస్తువు, అక్కడే ఉండు. కొనబోయే అమ్మాయిలకు చెప్పేది ఒక్కటే: జోడు తొడుక్కుని దుకాణంలో అద్దం ముందు నిలబడకండి, మెట్లు దిగి, రోడ్డు దాటి, పది నిమిషాలు నడిచి రండి. ఆ నడక తర్వాత కాలు ఏం చెబితే అదే తీర్పు. నడవనివ్వని జోడు ఎన్ని వేలు పోసి కొన్నా కాలికి అప్పే.