పుట్టని ఆటకు పోట్లాట

మా రోజుల్లో ఆట ముందు, తగాదా తర్వాత. చిర్రగోనె ఆడితే ముందు చిర్ర గాల్లోకి లేవాలి, ఎవడి చేతికో చిక్కాలి. వాడు పట్టింది గాల్లోనా, నేలకు తాకినాకనా అన్న దగ్గర కొట్లాట మొదలవ్వాలి. అదీ పద్ధతి. ఇప్పుడు మీ సంగతి చూడండి బిడ్డలారా. ఆట ఇంకా పుట్టనే లేదు. ఎప్పుడు పుడుతుందో తయారుచేసేవాడికే తెలియదు. మీరు మాత్రం వనపర్తి బస్టాండు పక్క హోటల్లో కూర్చొని, రాబోయే ఆటలో ఓడకు ఎన్ని ఇంజన్లుండాలి, చచ్చినోడి సామాను ఎవడికి చెందాలి అని గొంతులు చించుకుంటారు. ఆలు లేదు చూలు లేదు అన్న సామెతను మన పెద్దలు మీకోసమే కట్టిపెట్టి పోయారు.

మా మనుమడు గద్వాల కోటలో ఉన్న డిగ్రీ కాలేజీలో చదువుతాడు. నల్లసోమనాద్రి కోట అది. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, నడుమ నడిగడ్డ. అంత చరిత్ర ఉన్న బురుజుల నీడన కూర్చొని వీడు, వీడి దోస్తులు సెల్‌ఫోన్లలో తలలు దూర్చి అంతరిక్షం పంచుకుంటుంటారు. అదేం ఆటరా అని అడిగితే ఓపిగ్గానే చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. స్పేస్ స్యాండ్‌బాక్స్ అంట. కథ ఉండదు, చివర ఉండదు. ఒక ఓడ ఇచ్చి ఆకాశంలోకి తోసేస్తారు. గ్రహాల మీద దిగొచ్చు, గనులు తవ్వొచ్చు, సరుకు అమ్మొచ్చు, ఇల్లు కట్టొచ్చు, దారి దోపిడీ చేయొచ్చు. దేశదేశాల నుంచి వేలమంది అందులోనే తిరుగుతుంటారు.

"మరి గెలిచేదెప్పుడురా?"

"గెలుసుడుండదు తాతా. ఎవరిష్టం వాళ్లది."

గెలుపు లేని ఆట సరే, అందులో వీళ్లు గంటలకొద్దీ చేసే పని ఏమిటనుకున్నారు? రాళ్లు పగలగొట్టడం! ఆకాశంలో తేలే రాతిగుండ్ల దగ్గరికి ఓడ వేసుకుపోయి, వాటిని కొట్టి, లోపలి లోహం తీసి, గంపకెత్తుకుని అమ్ముకోవడం. నాయనా, పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడ ఆనకట్ట లేచినా, ఎక్కడ కాలువ తవ్వినా మన జిల్లా వాళ్ల చేతులు పడాల్సిందే. మా నాన్న కూడా మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పోయినవాడే. చేతుల్లో కాయలు ఎంత గట్టిగా ఉండేవంటే, తల నిమిరితే వెంట్రుకలు చిక్కుకునేవి. ఆయన మనుమడి కొడుకు ఈనాడు డబ్బు కట్టి మరీ రాళ్లు కొడతానంటున్నాడు. ఇది విని నాకు నవ్వు రాలేదు, కడుపు మండింది.

ఇక పుట్టని ఆటల సంగతికి వద్దాం. 2012 ఏప్రిల్‌లో స్వీడన్ దేశపు మార్కస్ పెర్సన్ ఒక ఆట ప్రకటించాడు. మైన్‌క్రాఫ్ట్ చేసినాయనే, నాచ్ అంటారు. ఆ కొత్త ఆట పేరు అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక చిక్కుముడి, జీరో ఎక్స్ టెన్ సీ అని చదువుకోవచ్చు. కథ మాత్రం బాగుంది. 1988లో మనుషులు నిద్రపెట్టెల్లో పడుకుని అంతరిక్షంలోకి పోతారు. ఏడాది నిద్రపోయి లేవాలి. కంప్యూటర్ అంకెలను తలకిందులుగా చదవడంతో 2 కోట్ల 81 లక్షల కోట్ల ఏళ్లు పడుకుంటారు. లేచేసరికి చుక్కలు ఆరిపోతుంటాయి. ప్రతి ఓడలోనూ ఒక పాతకాలపు 16 బిట్ కంప్యూటరు, దానికి ప్రోగ్రాం ఆడేవాడే రాసుకోవాలి. ఓడలో ఉత్పత్తయ్యే కరెంటు ఇంతే అని లెక్క. ఓడను మాయం చేసే యంత్రం వేయాలంటే మిగతావన్నీ ఆపి దీపాలు తగ్గించుకోవాలి. ఆ ముక్క దగ్గర నేనూ చెవి పెట్టి విన్నాను. మా ఊళ్లో పిండిగిర్ని నడిచినంతసేపూ ఇళ్లల్లో బల్బులు గుడ్డివయ్యేవి, గిర్ని ఆగినాకే మేం పుస్తకం తెరిచేది. ఆ బాధ తెలిసినవాడెవడో రాసినట్టున్నాడు.

కంప్యూటరు వివరాల కాగితం బయటకు రావడమే ఆలస్యం, ఆట లేకుండానే కుర్రాళ్లు ఆ కంప్యూటరును సొంతంగా తయారుచేసి, దాని మీద ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టారు. ఓడలో వైరస్ ఎక్కిస్తే ఏంచేద్దాం, రేడియోలో ఏ భాష మాట్లాడుకుందాం అని ఒకటే గోల. చివరికి ఏమైంది? 2013 ఆగస్టు దాటకముందే ఆయన దాన్ని పక్కన పడేశాడు. మరుసటేడు తన కంపెనీని మైక్రోసాఫ్ట్‌కు 250 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. అభిమానులు కొందరు మేమే కడతామని ట్రిల్లెక్ అని పేరు పెట్టుకుని బయలుదేరారు. అదీ చివర ముట్టలేదు. అన్ని బుర్రలు, అన్ని ఊహలు, అన్ని రాత్రులు. ఆడింది ఎవడు? ఒక్కడూ లేడు.

అదే 2012లో స్టార్ సిటిజన్ అని ఇంకొకటి మొదలైంది. క్రిస్ రాబర్ట్స్ అనే ఆయన జనం దగ్గర చందాలు ఎత్తాడు. 2014 చివరికి ఇస్తామన్నారు. 2024 నాటికే 70 కోట్ల డాలర్లు దాటి వసూలైంది, ఆట ఇంకా పూర్తి కాలేదు. కొంత ఆడనిస్తున్నారులే తాతా అని మనుమడు అడ్డం వస్తాడు. సరే. కానీ బొమ్మ గీసి, ఇంకా తయారుకాని ఓడను అసలు డబ్బుకు అమ్మడమేంది? 2018లో ఓడలన్నీ కలిపి 27 వేల డాలర్లకు ఒక మూట కట్టి అమ్మకానికి పెట్టారు. ఈనని బర్రె పాలకు బయానా ఇచ్చినట్టుంది. పెబ్బేరు సంతలో ఎంత అమాయకుడైనా పళ్లు చూడకుండా ఎద్దుకు పైసా ఇవ్వడు.

మా అంతరిక్షం సంగతి చెబుతాను, వినండి. 1979 జులై. స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం పైనుంచి కూలిపోతోందని రేడియో చెప్పింది. 77 టన్నుల బరువంట, ఎక్కడ పడేదీ నాసాకే తెలియదంట. ఊళ్లల్లో జనం ఎట్లాగూ చస్తామని కోళ్లు కోసుకు తిన్నారు, మేకలు తెగాయి, కల్లు కుండలు ఖాళీ అయ్యాయి. అప్పులవాళ్లు గడప తొక్కడం మానేశారు. మా నాన్న ఆ ఏడు వానాకాలానికి కూడా ఇంటికి రాలేదు. అమ్మ మాత్రం ఆకాశం పడితే పడనీ అని కలుపుకు పోయేది.

పిల్లలం మేమేం చేశాం? గుడి వెనక వేపచెట్టు కింద ఆ పూటకాపూట ఒక ఆట పుట్టించాం. మట్టిలో కట్టెపుల్లతో గుండ్రాలు గీశాం. ఒకటి గద్వాల, ఒకటి వనపర్తి, ఒకటి నాగర్‌కర్నూల్, ఒకటి కొల్లాపూర్, దూరంగా ఒకటి అమెరికా. గద్వాలకూ వనపర్తికీ నడుమ బూడిదతో కృష్ణమ్మను గీశాం. ఒకడు కొమ్మెక్కి తుప్పుపట్టిన డబ్బా మూత పట్టుకుంటాడు, వాడే స్కైలాబ్. కళ్లు మూసుకుని మూడుసార్లు తిప్పి విసరాలి. ఏ ఊళ్లో పడితే ఆ ఊళ్లో నిలబడ్డవాళ్లు చచ్చినట్టు. మొదటి ఆటలోనే అందరూ ఉరికిపోయి అమెరికాలో దూరారు. అమెరికావాడు పంపింది వాడి మీదే ఎందుకు వేసుకుంటాడని వాళ్ల తెలివి! దాంతో అమెరికాలో ఇద్దరికి మించి ఉండకూడదని రూలు పెట్టాం. తర్వాత గద్వాలలో నిలబడ్డోళ్లు మొరపెట్టుకున్నారు. మాకు రెండు దిక్కులా నదులేనాయె, మేమెటు ఉరకాలి అని. అది న్యాయమే అనిపించి వాళ్లకొక పుట్టి ఇచ్చాం. అడుగు ఊడిన వెదురుగంపను నడుముకు తగిలించుకుంటే కృష్ణ దాటొచ్చు. దాటేటప్పుడు గంప జారి కిందపడితే మునిగినట్టే. కొమ్మ మీదోడు ఒంటికంటితో చూసి విసురుతున్నాడని తెలిసిన నాడు వాడి కళ్లకు దస్తీ కట్టాం. రోజుకొక రూలు. ఎవడికి నష్టమైతే వాడు అరిచేవాడు, అరిచినదాంట్లో నిజముంటే మర్నాటికి అది చట్టం.

అసలు స్కైలాబ్ జులై 11న హిందూ మహాసముద్రంలో కొంత, పశ్చిమ ఆస్ట్రేలియాలో కొంత పడింది. ఎస్పెరెన్స్ అనే ఊరివాళ్లు మా దగ్గర చెత్త పోశారని అమెరికాకు 400 డాలర్ల జరిమానా రాశారు. మా వేపచెట్టు కింద మాత్రం అది దసరాదాకా పడుతూనే ఉంది.

పాయింటు ఇదీ. ఆ ఆటకు యజమాని లేడు. ఆడేవాడే చేసేవాడు. మీరేమో ఇంత తెలివి ఉండీ, ఆలోచనలన్నీ ఎవరో ఒకాయన ముందు పోసి, ఆయన కరుణిస్తాడేమోనని ఏళ్లకేళ్లు చూస్తారు. ఆయన మనసు మారితే మీ ఆలోచనలకు దిక్కు లేదు.

తయారై వచ్చినవైనా చక్కగా ఉన్నాయా? 2016 ఆగస్టులో నో మ్యాన్స్ స్కై వచ్చింది. అందులో లక్షా 84 వేల కోట్ల కోట్ల గ్రహాలంట. ఆ ఏడే దసరా నాడు, అక్టోబర్ 11న, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అని మన మూడు జిల్లాలు పుట్టాయి. మూడింటికే ఎన్ని ధర్నాలు, ఎన్ని బంద్‌లు! ఆట వచ్చిన కొత్తలోనే ఇద్దరు ఆటగాళ్లు మాట్లాడుకుని, ఒకే గ్రహం మీద ఒకేచోట నిలబడ్డారు. అంత ఆకాశంలో ఒకరినొకరు వెతుక్కుని వచ్చారు పాపం. ఒకరికొకరు కనిపించలేదు. కలిసి ఆడుకునే ఏర్పాటు సరిగా కుదరడానికి 2018 జులైదాకా పట్టింది. కేక వేస్తే పలికేంత దూరంలో లేనివాడితో ఆటేందని నేనంటే, బెంగళూరుకు పోయిన దోస్తుతో రోజూ కలిసేది అక్కడే తాతా అన్నాడు మనుమడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మా రోజుల్లో వలస పోయిన దోస్తుతో ఆట అంతటితో సరి.

ఒక్క ఆట మాత్రం నాకు నచ్చింది, చెప్పొద్దూ. ఈవ్ ఆన్‌లైన్. ఐస్‌లాండ్‌వాళ్లది, 2003 నుంచి నడుస్తోంది. 2014 జనవరిలో అందులో ఒక యుద్ధం జరిగింది. 7,500 మందికి పైగా, 21 గంటలు. కారణం ఏమిటంటే, ఒక పక్షం తమ ఏలుబడిలోని చోటుకు కట్టాల్సిన కిస్తు గడువుకు కట్టలేదు. ఇది నాకు వెంటనే అర్థమైంది. గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాముకు పేష్కష్ కట్టినవే కదా, కిస్తు తప్పితే ఏమవుతుందో మన నేలకు చెప్పాలా? పైగా ఆ ఆటకు 2008 నుంచి ఓట్లతో ఎన్నికైన పెద్దమనుషుల సభ ఉంది. ఆటగాళ్ల మొరలు తీసుకుపోయి కంపెనీవాళ్ల ముందు పెడుతుంది. ఇదీ వేపచెట్టు కింది పద్ధతికి కాస్త దగ్గరగా ఉన్నది.

కానీ అక్కడా, మిగతా ఆటల్లోనూ కొత్తగా వచ్చినవాణ్ని మొదటి రోజే దోచుకుని ఓడ పేల్చేస్తారంట. ఇది నాకు మింగుడుపడదు. మా ఆటలో చిన్నపిల్లగాడొస్తే వాడు అరటిపండు. ఉరుకుతాడు, నవ్వుతాడు, డబ్బా మూత మీద పడ్డా చావడు. ఆట నేర్చాక తానే వచ్చి నన్ను లెక్కలోకి తీసుకోండి అంటాడు. మీ రాబోయే ఆటలో అరటిపండు ఉండాలి, అది రాసి పంపరా అన్నాను.

మనుమడు దోస్తులకు పంపాడు. ఇక చూసుకోండి! ఎన్ని రోజులు అరటిపండు? కొత్త పేరుతో మళ్లీ వచ్చి పెద్దోళ్లే అరటిపండ్లయితే? వాడి ఓడలో సరుకు దాచి దొంగరవాణా చేస్తే? రాత్రి పది దాకా వాడి ఫోన్ టింగుటింగుమంటూనే ఉంది. తొండి చేసేవాడు ఏ రూలులోనైనా చేస్తాడు, వాడు పసివాడో కాదో కలిసి ఆడే పదిమందికి తెలియదా, వాళ్లనే చెప్పమనండి అన్నాను. అట్లయితే ఆ పదిమంది ఎవరో ఎట్ల తేలుస్తరు తాతా అని ఇంకొకడి ప్రశ్న. దానికీ ఒక పద్ధతుంది. పొద్దున చెబుతాను, ముందు ఆ దీపం ఆర్పి పడుకోమన్నాను.